జంతికల గొట్టమూ, మీ వెబ్‌సైటూ

విశాఖపట్నం

పిల్లలూ,

ఎర్రమట్టి దిబ్బల మీద మీరు రాసిన పేజీలు చదివాను. "తాతయ్యా, పేజీలన్నీ ముందే తయారుచేసి పెట్టేస్తే, రేపు ఇంకో ఫొటో చేర్చాలంటే ఎలా?" అని అడిగారు. మళ్ళీ మొత్తం వండెయ్యడమే! మీ పదిపన్నెండు పేజీలకి ఆవలించేంతసేపు కూడా పట్టదు.

కొన్ని సైట్లు అడిగినప్పుడల్లా అప్పటికప్పుడు సర్వర్‌లో పేజీ తయారుచేస్తాయి. మీది పండక్కి జంతికలు వండి డబ్బాలో పోసుకున్నట్టు. ఎవరొచ్చినా తీసి పెట్టడమే. ఆ వంట చేసేది ఎలెవెంటీ అనే ప్రోగ్రాం. పిండి మీరు చిన్న చిన్న గుర్తులతో మామూలుగా రాసే మార్క్‌డౌన్ ఫైలు. గొట్టం అడుగున వేసే చిల్లుల బిళ్ళ లేఅవుట్, అంటే పేజీలకి ఉమ్మడి చట్రం. డబ్బా '_సైట్' అనే ఫోల్డరు. బిళ్ళ మారిస్తే జంతికలన్నిటి ఆకారమూ మారినట్టే, లేఅవుట్‌లో ఒక్క లైను మారిస్తే అన్ని పేజీలూ మారతాయి. డబ్బాలో ఉన్నదాన్ని మాత్రం దిద్దకండి, మళ్ళీ వండగానే మీ దిద్దుబాటు పోతుంది.

ఎలెవెంటీ మూడో వెర్షన్‌కి, దాన్ని కంప్యూటర్లో నడిపే నోడ్ అనే ప్రోగ్రాం 18 గానీ ఆపైది గానీ కావాలి. ఖాళీ ఫోల్డర్లో టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరిచి ఇవి ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి: ముందు 'ఎన్‌పీఎం ఇనిట్ -వై', తర్వాత 'ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ @11టీవై/ఎలెవెంటీ'. 'ఇండెక్స్.ఎండీ' అని ఒక ఫైలు పెట్టి నాలుగు ముక్కలు రాయండి. 'ఎన్‌పీఎక్స్ @11టీవై/ఎలెవెంటీ --సర్వ్' అంటే బ్రౌజర్లో 'లోకల్‌హోస్ట్:8080' అనే అడ్రసులో పేజీ కనిపిస్తుంది.

లేఅవుట్ ఫైలు '_ఇన్‌క్లూడ్స్' ఫోల్డర్లో ఉండాలి. దాని పేరు మీ పేజీ పైన, మూడేసి అడ్డగీతల (---) మధ్య రాయాలి. మొదటి అడ్డగీతలు ఫైలు మొదటి లైన్లోనే ఉండాలి. అక్కడ ట్యాబ్ కొట్టకండి, స్పేసులే వాడండి. శీర్షికలో "దిబ్బలు: రెండో రోజు" అని కోలన్ ఉంటే కోట్స్‌లో పెట్టాలి, లేకపోతే ఎర్రర్ కొడుతుంది. లేఅవుట్‌ని నన్‌జక్స్ అనే టెంప్లేటు భాషలో రాస్తే 'కంటెంట్' పక్కన నిలువుగీత పెట్టి 'సేఫ్' అనండి. అది మరిచిపోతే పేరాల బదులు ట్యాగులే తెర మీద అక్షరాలుగా పడతాయి.

అందరూ తడబడేది ఫొటోల దగ్గర. ఎలెవెంటీ ఫొటోలనీ, పేజీ రంగూ రూపూ చెప్పే సీఎస్ఎస్ ఫైళ్ళనీ తనంతట తాను డబ్బాలోకి తీసుకెళ్ళదు. ఎలెవెంటీ సెట్టింగులు రాసే కాన్ఫిగ్ ఫైల్లో 'యాడ్‌పాస్‌త్రూకాపీ' అని ఆ ఫోల్డరు పేరు చెప్పాలి. చెప్పినా, '--సర్వ్' నడుస్తున్నంతసేపూ వాటిని బ్రౌజర్‌కి చూపిస్తుందే గానీ మామూలుగా డబ్బాలో వెయ్యదు. అందుకే ఇంట్లో బాగానే ఉన్న సైటు, అప్‌లోడ్ చేశాక బొమ్మల్లేకుండా బోసిగా కనిపిస్తుంది. ఇంకొకటి, మీరు తీసేసిన పేజీ కూడా పాత జంతికలా డబ్బా అడుగున ఉండిపోతుంది. అప్‌లోడ్‌కి ముందు '_సైట్' ఫోల్డర్ని చెరిపేసి, '--సర్వ్' లేకుండా ఒక్కసారి వండండి.

ఫొటోలు ఫోన్లో తీసినవి తీసినట్టే పెట్టకండి. వెడల్పు 1200 పిక్సెళ్ళకి తగ్గించండి. చూసేవాళ్ళ డేటా కూడా డబ్బే కదా.

ఇప్పుడు 'ఎబౌట్.ఎండీ' అని ఇంకో ఫైలు చేర్చి, '_సైట్' తెరిచి చూడండి. ఆ పేరుతో ఫైలుకి బదులు ఫోల్డరు కనిపిస్తుంది. దానిలోపల ఏముందో, అడ్రసు చివర '.హెచ్‌టీఎంఎల్' ఎందుకు అక్కర్లేదో మీరే కనిపెట్టి నాకు రాయండి.

మీ తాతయ్య