ఎనిమిది ఆమ్లాల నీడ

సీసాలోని నూనెను పరీక్షించి అది ఏ ప్రాంతపు చెట్టుదో చెప్పవచ్చునా అని ఒక పాఠకుడు అడిగారు. ఈ ప్రశ్నకు ఇటలీలో పేరుపొందిన ఒక జవాబు ఉన్నది. మికేలే ఫొరీనా, ఆయన సహచరులు ఆ దేశంలోని తొమ్మిది ప్రాంతాలకు చెందిన 572 ఆలివ్ నూనెలలో ఎనిమిదేసి కొవ్వు ఆమ్లాల శాతాలను పరిశీలించి 1983లో ఫలితాలను ప్రకటించారు. ఒక్కొక్క నూనెకు ఎనిమిది అంకెలు ఉన్నాయంటే, ఒక్కొక్క నూనె ఎనిమిది దిశలున్న ఆవరణలో ఒక చుక్క అన్నమాట. దానిని కాగితం మీద చూడడం ఎట్లా?

తోలుబొమ్మలాట చూసినవారికి ఇది తెలిసిన సంగతే. బొమ్మను తెరకు ఆనించి పట్టుకుంటే రావణుడి పది తలలూ కనిపిస్తాయి. అంచును దీపం వైపు తిప్పితే ఒక్క గీత మిగులుతుంది. 1901లో గణాంకవేత్త కార్ల్ పియర్సన్ ప్రతిపాదించగా 1933లో మరో గణాంకవేత్త హెరాల్డ్ హోటెలింగ్ విస్తరించిన ప్రధానాంశ విశ్లేషణ చేసే పని, చుక్కల గుంపు నీడ అన్నిటికంటే వెడల్పుగా పడే దిశను వెతకడమే. ఆ దిశకు లంబంగా ఉంటూ, మిగిలిన వ్యాప్తిని గరిష్ఠంగా చూపేది రెండవ దిశ. కొలతలు ఒకదానితో ఒకటి ఎలా కలిసి మారుతాయో చూపే అంకెల పట్టికను సహవిస్తృతి మాత్రిక అంటారు; దాని ఐగెన్ సదిశలు అని పుస్తకాలు చెప్పేవి ఈ దిశలనే. తరగతి గదిలో మాత్రికను ముందు పెట్టి నీడను దాచేయడం వల్ల విద్యార్థులు ఈ పాఠానికి అనవసరంగా భయపడతారని నా అభిప్రాయం.

ఎనిమిది దిశలను ఇలా నీడగా కుదించినా సమాచారం పెద్దగా నష్టపోకపోవడానికి రసాయన కారణం కూడా ఉన్నది. కాయలోని ఒక ఎంజైము ఓలియిక్ ఆమ్లం నుంచి రెండు హైడ్రోజన్ పరమాణువులను తొలగించి లినోలియిక్ ఆమ్లంగా మారుస్తుంది. పైగా శాతాలన్నీ కలిపితే ఇంచుమించు నూరే కావాలి. కాబట్టి ఒకటి పెరిగినచోట రెండవది తగ్గుతుంది. చూడడానికి రెండు కొలతలైనా అవి చాలావరకు ఒకే గీత మీద నడుస్తాయి.

అసలు చిక్కు బొమ్మ మందంలో ఉన్నది. ఈ నూనెలలో ఓలియిక్ ఆమ్లం 63 నుంచి 84 శాతం దాకా ఉంటే, ఐకోసెనోయిక్ ఆమ్లం 0.01 నుంచి 0.58 శాతం లోపలే తిరుగుతుంది. శాతాలను ఉన్నవి ఉన్నట్టుగా లెక్కకు ఇస్తే మొదటి నీడను దాదాపుగా ఓలియిక్ ఆమ్లమే ఆక్రమిస్తుంది; ఐకోసెనోయిక్ తోలు మందంలాగా ఏ నీడలోనూ కనిపించదు. చిత్రమేమంటే, దక్షిణ ఇటలీ నూనెలను సార్డీనియా దీవి, ఉత్తరాది నూనెల నుంచి విడదీసేది ఆ మందమే: దక్షిణాది నూనెలలో ఐకోసెనోయిక్ 0.1 శాతానికి తగ్గదు, తక్కిన రెండింటిలో 0.03 దాటదు. అందుకే ప్రతి ఆమ్లపు అంకెల నుంచి సగటును తీసివేసి, క్రమ విచలనంతో, అంటే అంకెలు సగటు చుట్టూ ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే కొలతతో, భాగిస్తారు. అంటే తోలు మందాన్ని కూడా బొమ్మ వెడల్పుకు సాగదీసి, ఆ తరువాత దీపం ముందు పెడతారు.

ఈ లెక్కకు ప్రాంతాల పేర్లు తెలియవు. ప్రాంతాన్ని బట్టి చుక్కలకు రంగులు వేసేది మనమే. అయినా ఆ రంగు చుక్కల పటాన్ని జాతక చక్రంలాగా చదివేవారు లేకపోలేదు. సాగదీయడంలో ఇంకొక ప్రమాదం కూడా పొంచి ఉన్నది: చిన్న కొలతతోపాటు దానిలోని పరికర దోషం కూడా అంతే పెద్దదవుతుంది. ఈ ఆమ్లాలను విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రఫీ పద్ధతిలో ఒక్కొక్క ఆమ్లం గ్రాఫు మీద ఒక శిఖరంగా కనిపిస్తుంది; చిన్న శిఖరం వైశాల్యాన్ని కచ్చితంగా కొలవడం కష్టం. కాబట్టి జాగ్రత్తగల విశ్లేషకులు ముందుగా ఒకే నూనెను పలుమార్లు పరికరంలోకి ఎక్కించి అంకె ఎంత ఊగిసలాడుతున్నదో చూస్తారు. నూనెకూ నూనెకూ మధ్య ఉన్న తేడా ఆ ఊగిసలాటను స్పష్టంగా మించినప్పుడే ఆ ఆమ్లానికి తక్కినవాటితో సమాన స్థానం ఇస్తారు.