లడ్డూలు వాటంతటవే నోట్లోకి ఎలా వెళ్ళాయంటే

చిరంజీవులు హారికకు, చింటూకు తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. "తాతయ్యా, నీకు అన్నిటికంటే ఇష్టమైన సినిమా ఏది?" అని హారిక అడిగింది. "మాయాబజార్‌లో లడ్డూలు వాటంతటవే ఘటోత్కచుడి నోట్లోకి ఎలా వెళ్ళాయి? అప్పుడు కంప్యూటర్లు లేవు కదా!" అని చింటూ అడిగాడు. ఇద్దరికీ ఒకే జవాబు సరిపోతుంది. పాతాళభైరవి, మల్లీశ్వరి, మిస్సమ్మ, గుండమ్మ కథ, ఇవన్నీ నాకు ప్రాణమే. అయినా ఒక్కటే చెప్పమంటే మాయాబజారే చెబుతాను. ఎందుకో చెప్పాలంటే చింటూ లడ్డూల దగ్గర్నుంచే మొదలుపెట్టాలి.

ఈ సినిమా 1957 మార్చి 27న వచ్చింది. నిర్మాతలు విజయా వారి నాగిరెడ్డి, చక్రపాణి. దర్శకుడు కె.వి. రెడ్డి. మాటలూ పాటలూ పింగళి నాగేంద్రరావు. కెమెరా మార్కస్ బార్ట్‌లీ. ఈ చివరి పేరు గట్టిగా గుర్తుపెట్టుకోండి. తెర మీద మీరు చూసిన మాయలో సగం ఆయన చేతిదే. తెలుగుతో పాటు తమిళంలో కూడా తీశారు. అందులో అభిమన్యుడు జెమినీ గణేశన్. అంటే అభిమన్యుడున్న ప్రతి సన్నివేశాన్నీ రెండో నటుడితో మళ్ళీ తీయాలి, మాయలతో సహా!

ముందు ఒక్క సంగతి. సినిమాలో ఏ బొమ్మా కదలదు. సెకనుకు 24 కదలని బొమ్మలు వరసగా కంటి ముందు నుంచి పోతుంటే మనకు కదులుతున్నట్టు ఉంటుంది. ఆ రోజుల 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 16 బొమ్మలు, నిమిషానికి 90 అడుగులు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాల్లో అయిపోతుంది. మూడు గంటల మాయాబజార్‌లో రెండున్నర లక్షలకు పైగా బొమ్మలున్నాయి.

మా చిన్నతనంలో పిల్లలకు ఈ సంగతి ఎవరూ పాఠం చెప్పక్కర్లేకపోయేది. డేరా టాకీసుల దగ్గర తెగిపోయిన ఫిల్ము ముక్కలు దొరికేవి. కాలిపోయిన బల్బులో నీళ్ళు నింపి, గదిలో తలుపులు మూసి, బయట అద్దం పెట్టి ఎండను కిటికీ సందులోంచి లోపలికి కొట్టిస్తే, ఆ వెలుగు ఫిల్ము ముక్కలోంచీ, బల్బులోంచీ వెళ్ళి గోడ మీద బొమ్మ పడేది. ఫిల్మును తలకిందులుగా పట్టుకుంటేనే గోడ మీద మనిషి నిటారుగా నిలబడతాడు. పక్కపక్కనున్న రెండు బొమ్మలు పట్టి చూస్తే ఒకదాన్లో చెయ్యి ఇక్కడ, రెండోదాన్లో వెంట్రుకవాసి అవతల. మీరు బల్బు జోలికి పోకండి, గాజు పగిలి చెయ్యి కోసుకుంటుంది. భూతద్దం చాలు.

ఇప్పుడు గోరింటాకు దగ్గరికి రండి. ఆషాఢమాసం కదా, మీ అమ్మ ఈపాటికి రుబ్బే ఉంటుంది. అరచెయ్యి అంటే ఫిల్ము, గోరింటాకు అంటే వెలుగు అనుకోండి. ముద్ద తగిలిన చోట చెయ్యి ఎర్రబడుతుంది, తగలని చోట తెల్లగా ఉండిపోతుంది. ఫిల్మూ అంతే. వెలుగు పడ్డ చోటల్లా నల్లబడుతుంది, పడని చోట కొత్త ఫిల్ములాగే మిగులుతుంది. పెట్టిన అరగంటకే కడిగేస్తే పాలిపోయిన రంగు వస్తుంది, రాత్రంతా ఉంచితే ముదురు ఎరుపు. కెమెరాలో కూడా వెలుగు తక్కువైతే ఒక పేచీ, ఎక్కువైతే ఇంకో పేచీ. గోరింటాకు కడిగితే గానీ ఎలా పండిందో తెలియదు. ఫిల్ము కూడా ల్యాబులో కడిగితే గానీ ఏం వచ్చిందో తెలియదు. మీ ఫోనులోలాగా తీసిన వెంటనే చూసుకునే వీలు అప్పట్లో లేదు.

ఇక అరచేతిలో చందమామ పెట్టే చోటును ఒక రాత్రి ఖాళీగా వదిలి చుట్టూ చుక్కలు పెట్టారనుకోండి. మర్నాడు రాత్రి చుక్కలను ముట్టుకోకుండా చందమామ ఒక్కటే పెట్టారు. చివరికి చూసేవాళ్ళకు అంతా ఒక్కసారే పెట్టినట్టు ఉంటుంది. శశిరేఖ తెరిచి చూసే ప్రియదర్శిని పెట్టె గుర్తుందా? ఎవరు తెరిస్తే వాళ్ళకు ప్రియమైనది అందులో కనపడుతుంది. రేవతమ్మకు నగలు, శశిరేఖకు అభిమన్యుడు. ఇలాంటి బొమ్మ తీయడానికి ఆ రోజుల్లో ఉన్న పద్ధతి ఇదే. కెమెరా ముందు పెట్టె మూత వచ్చే చోటుకు మాత్రం నల్లటి అడ్డు పెట్టి మిగతా గదంతా తీస్తారు. ఎన్ని బొమ్మలు తీశారో కెమెరా మీది లెక్క చూసి రాసుకుంటారు. కటకానికి మూత పెట్టి ఫిల్మును సరిగ్గా అంతే వెనక్కి తిప్పుతారు. ఇప్పుడు గదంతా మూసి, మూత చోటు ఒక్కటే తెరిచి అభిమన్యుణ్ణి తీస్తారు.

ఇందులో ఎన్ని తప్పులు జరగొచ్చో చూడండి. అడ్డు కాస్త ఇటు జరిగితే రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి పడి మచ్చ వస్తుంది. అటు జరిగితే మధ్యలో గీత మిగులుతుంది. ముద్ద ఒలికిన చందమామా, చుక్కకూ చందమామకూ మధ్య తెల్ల సందూ ఇలాగే ఉంటాయి. ఎవరైనా కెమెరా కాలికి తగిలితే అంతటితో సరి. గదిలోని మనిషి చెయ్యి ఆ గీత దాటితే మణికట్టు దగ్గర తెగిపోయినట్టు కనిపిస్తుంది. అందుకే నటులకు నేల మీద సుద్దముక్కతో హద్దు గీసేవాళ్ళు.

ఘటోత్కచుడు చూస్తుండగానే పెరిగిపోవడం దీనికి అక్కలాంటి మాయ. మనిషిని నల్లగుడ్డ ముందు నిలబెడతారు. నల్లగుడ్డ వెలుగును వెనక్కి పంపదు కాబట్టి అక్కడ ఫిల్ము పండదు, మనిషి ఒక్కడే పండుతాడు. కెమెరాను పట్టాల మీద నెమ్మదిగా ఆయన దగ్గరికి తోస్తే బొమ్మలో ఆయన పెద్దవాడవుతాడు. తర్వాత ఫిల్ము వెనక్కి తిప్పి, కెమెరా కదల్చకుండా గదిని తీస్తారు. గది కదలదు, మనిషి పెరుగుతాడు! అయితే గది బొమ్మలో ఆయన నిలబడే చోటు కూడా చీకటిగా ఉండాలి. లేకపోతే పొట్టలోంచి స్తంభాలు కనిపిస్తాయి. పట్టాల ఎత్తు తేడా వస్తే పాదాలు నేలకు ఆనవు, గాలిలో తేలుతున్నట్టు ఉంటాడు.

ఘటోత్కచుడు శశిరేఖగా మారడం ఇంకా నాజూకు పని. కెమెరా కన్నాన్ని 48 బొమ్మల పాటు, అంటే రెండు సెకన్లు, కొంచెం కొంచెంగా మూసేస్తారు. ఎస్వీ రంగారావుగారు మసకబారి మాయమవుతారు. ఆ 48 బొమ్మలూ వెనక్కి తిప్పి, సావిత్రిగారిని అదే చోట నిలబెట్టి, అదే వేగంతో కన్నం తెరుస్తారు. సగం గోరింటాకు ఒకరిది, సగం ఇంకొకరిది. మొత్తం కలిపి ఒక పూర్తి పెట్టుడు కావాలి. ఒకరు వేగంగా పోయి ఇంకొకరు ఆలస్యంగా వస్తే మధ్యలో తెర చీకటి పడుతుంది. ఇద్దరి ఎత్తూ ఒకటి కాదు కదా. కళ్ళు ఒక వరసలోకి రాకపోతే మారినట్టు ఉండదు, ఒకరు పోతే ఇంకొకరు వచ్చినట్టు ఉంటుంది.

లడ్డూల విషయానికి వద్దాం. వస్తువును దానంతట అది కదిలించడానికి ఆ కాలపు కెమెరాకు మూడు దారులుండేవి. మొదటిది సన్నటి నల్లదారం. సినిమా రాకముందు నుంచే సురభి నాటకాల వాళ్ళు మాయాబజార్ ఆడుతూ తెర వెనక తాళ్ళతో, తీగలతో ఇలాంటి చిత్రాలు చేసేవాళ్ళు. రెండోది, కెమెరా ఆపి, వస్తువును కాస్త జరిపి, మళ్ళీ నడపడం. మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది, వెనక నుంచి ముందుకు తీయడం. నోట్లో ఉన్న లడ్డూను పళ్ళెంలోకి వదిలి, ఆ ఫిల్మును తిరగేసి చూపిస్తే లడ్డూ పళ్ళెంలోంచి లేచి నోట్లోకి వెళ్తుంది!

ఈ మూడో దాన్ని మీరే చేసి చూడండి. ఫోనును పుస్తకాల దొంతరకు ఆనించి కదలకుండా పెట్టండి. తెర మీద మొహం దగ్గర వేలుతో కాసేపు నొక్కి పట్టుకుంటే చాలా ఫోనుల్లో వెలుగు, స్పష్టత అక్కడే బిగుసుకుంటాయి. అలా చేయకపోతే మబ్బు పట్టినప్పుడల్లా బొమ్మ తనంతట తాను వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. ఫ్యాను ఆపేయండి. బూందీ లడ్డూ వద్దు, పొడి రాలుతుంది. తిరగేసినప్పుడు ఆ పొడి కూడా పైకి లేచి మీ గుట్టు బయటపెడుతుంది. గట్టి బెల్లం పాకంలో చేసిన పల్లీ ఉండ తీసుకోండి. పెదవుల మధ్య పట్టుకుని, తల కదపకుండా, నోటికి ఒక అడుగు దిగువన పరిచిన మెత్తటి గుడ్డ మీదికి వదలండి. పళ్ళెంలో పడితే ఎగిరి దొర్లుతుంది.

అడుగు ఎత్తు నుంచి పడడానికి పావు సెకను పడుతుంది. అంటే ఆరు బొమ్మలే! కన్ను పట్టుకోలేదు. అందుకే ఫోనులో స్లోమోషన్ పెట్టండి. ఆ రోజుల్లో అయితే కెమెరాను రెట్టింపు వేగంతో తిప్పేవాళ్ళు, అప్పుడు ఆరు కాస్తా పన్నెండవుతాయి. తిరగేసి చూస్తే ఉండ గబుక్కున లేచి, నోటి దగ్గరికి వచ్చేసరికి నెమ్మదిస్తుంది. వదిలిన క్షణంలో నిదానంగా మొదలై కిందికి పోయేకొద్దీ వేగం పుంజుకుంది కదా, తిరగేస్తే అదే వరస తలకిందులవుతుంది. నమలడం మాత్రం విడిగా, మామూలుగా తీసి తర్వాత అతికించండి. తిరగేసిన నమలుడు చూడ్డానికి బాగుండదు. ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను: ఎవరి నోట్లోకీ ఉండ విసరొద్దు, గొంతుకు అడ్డం పడుతుంది. ఒకే ఉండతో చేసి, అయ్యాక ఇద్దరూ పంచుకుని తినండి. తిండి పారేయకూడదు.

మొదటిసారి బాగా రాకపోతే విసుక్కోకండి. పనిలో ఓపిక అంటే ఏమిటో పుస్తకాలు చెప్పలేవు, ఇలాంటి పనులే చెబుతాయి.

లాహిరి లాహిరి లాహిరిలో పాట వెన్నెల గురించి కూడా రాయాలి. దాన్ని రాత్రి తీయలేదు. నీళ్ళ మీద ఆరుబయట తీసింది కాస్తే, మిగిలింది స్టూడియోలో. నలుపు తెలుపు ఫిల్ములో పగటిని వెన్నెల చేయాలంటే సూర్యుణ్ణి మనుషుల వెనక ఉంచుకోవాలి, అప్పుడు జుట్టు అంచులూ నీళ్ళ అలలూ మెరుస్తాయి. కటకం ముందు ఎర్ర గాజు పెడితే నీలాకాశం నల్లబడుతుంది. కన్నం తగ్గించి వెలుగును కొంచెమే లోపలికి రానివ్వాలి, గోరింటాకు తొందరగా కడిగేసినట్టు. చిక్కేమిటంటే ఎర్ర గాజులోంచి ఎర్రటి పెదవులు తెల్లగా పాలిపోతాయి, అందుకని పెదవులకు వేరే రంగు వేయాలి. ఇదంతా లెక్క. ఇదే లెక్కతో ఎంతోమంది తీశారు. కానీ మార్కస్ బార్ట్‌లీ వెన్నెల అని జనం ఆ వెన్నెలకు ఆయన పేరే పెట్టుకున్నారు. అందులో ఏముందో నాకు చెప్పడం చేతకాదు. దీపాలార్పి, ఒక్కసారి ఆ పాట పెద్ద తెర మీద చూడండి. 2010లో రంగులద్దిన ప్రతి కూడా వచ్చింది. మీరు మాత్రం నలుపు తెలుపుదే చూడండి.

ఇన్ని మాయలు తెలిసిన తర్వాత ఈ సినిమా నాకెందుకు అన్నిటికంటే ఇష్టమో చెబుతాను. ఎక్కడ కెమెరా ఆగిపోవాలో వీళ్ళకు తెలుసు. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలోకి మారడం వరకే కెమెరా పని. ఆ తర్వాత కథ చాలాసేపు సావిత్రిగారి మీద నడుస్తుంది, అక్కడ నల్లగుడ్డా లేదు, దారమూ లేదు. పట్టుచీర కట్టుకున్న పెళ్ళికూతురే, కానీ భుజాలు మగవాడివి, అడుగులు రాక్షసుడివి. అహ నా పెళ్ళియంట పాటలో లేని మీసం మీదికి చెయ్యి పోతుంది. పెళ్ళిపీటల మీద లక్ష్మణకుమారుడి కాలు తొక్కుతుంది చూడండి, రేలంగిగారి మొహంలో ఆ బరువంతా కనిపిస్తుంది. లోపల ఎస్వీ రంగారావుగారున్నారని మనం ఒక్క క్షణం కూడా మర్చిపోం.

ఈ ఆదివారం ఆ రూపం మారిన దగ్గర్నుంచి పెళ్ళి వరకూ ఒకసారి శబ్దం ఆపేసి చూడండి. ఎక్కడెక్కడ ఆమె శశిరేఖ, ఎక్కడెక్కడ ఘటోత్కచుడు అనేది ఒక కాగితం మీద రెండు వరసల్లో రాయండి. హారిక వేరే, చింటూ వేరే. రాసేదాకా ఒకరిది ఒకరు చూడకూడదు. రెండు కాగితాలూ, పల్లీ ఉండ వీడియోతో పాటు పంపండి. వీడియోలో మొహమూ, కింద పరిచిన గుడ్డా రెండూ కనిపించేలా ఫోను పెట్టి తీయండి.

మీ తాతయ్య