రెండు మిల్లీమీటర్లు పెరిగిన ప్రొపెల్లర్, కాలిపోయిన ఈఎస్సీ

నా మొదటి ఫాస్ట్ బోటు, అంటే రేడియో రిమోట్‌తో బ్యాటరీ మీద నడిచే మోడల్ బోటు, బానే పరిగెత్తేది. కానీ బానే అంటే ఎవరికి సరిపోతుంది చెప్పండి, ఇంకో పది కిలోమీటర్ల స్పీడు వస్తుందేమో అని ఆశపడి 40 మిల్లీమీటర్ల ప్రొపెల్లర్ పీకేసి 42ది పెట్టాను. రెండంటే రెండే మిల్లీమీటర్లు, పక్కపక్కన పెట్టి చూసినా తేడా సరిగ్గా తెలీదు. మొదటి రౌండు అదిరిపోయింది, రెండో రౌండులో కొంచెం మందగించినట్టు అనిపించినా పట్టించుకోలేదు, మూడో రౌండు మలుపులో బోటు ఆగిపోయి మూత అంచుల్లోంచి సన్నగా తెల్లటి పొగ. ఒడ్డుకి తెచ్చి తీసి చూస్తే ఈఎస్సీ, అంటే మోటార్ స్పీడుని అదుపు చేసే ఎలక్ట్రానిక్ కంట్రోలర్, దాని వెనకున్న కెపాసిటర్లు నెత్తి ఉబ్బిపోయి ఉన్నాయి, ఒకటైతే పగిలి లోపలి కాగితం బయటికొచ్చేసింది. మోటార్ మీద వేలు ఒక్క సెకను కూడా ఉంచలేకపోయాను.

తప్పు పూర్తిగా నాదే. నీళ్లలో ప్రొపెల్లర్ని తిప్పడానికి పట్టే పవర్ దాని వ్యాసానికి ఐదో ఘాతంలో పెరుగుతుంది, అదే ఆకారం, అదే ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) అనుకుంటే. 42ని 40తో భాగిస్తే 1.05, దాన్ని ఐదుసార్లు గుణిస్తే 1.28 దగ్గరికొస్తుంది. అంటే రెండు మిల్లీమీటర్లకి 28 శాతం అదనపు లోడు! 100 ఆంప్స్ లాగుతున్న సెటప్ 125 దాటేసింది, ఈఎస్సీ మీద రాసుంది 120. నిజానికి లోడు పెరిగితే ఆర్‌పీఎం కాస్త పడిపోతుంది కాబట్టి లెక్క మరీ అంత కచ్చితంగా రాదు, అయినా కాలిపోవడానికి అది చాలు.

కొత్తగా మొదలెట్టేవాళ్లందరూ అడిగే మొదటి ప్రశ్న, అన్నా ఏ మోటార్ కొనాలి అని. నేనూ అక్కణ్నించే మొదలెట్టా. కానీ ఎన్ని ఆంప్స్ లాగాలో మోటార్ నిర్ణయించుకోదు, ప్రొపెల్లర్ ఎంత అడ్డుపడితే అంత కరెంటు బ్యాటరీ నుంచి గుంజుతుంది, అది తన వల్ల కాకపోయినా సరే ఆగదు, కాలిపోయేదాకా గుంజుతూనే ఉంటుంది. అందుకే లెక్క వెనక నుంచి, అంటే నీళ్ల వైపు నుంచి మొదలెట్టాలి.

నీళ్లు గాలి కన్నా దాదాపు 800 రెట్లు చిక్కన. విలియం ఫ్రౌడ్ అనే ఇంగ్లీషు ఇంజినీరు 1870ల్లో పొడవాటి నీళ్ల తొట్టెలో చిన్న చిన్న మోడల్ పడవల్ని లాగించి లాగించి, పెద్ద ఓడకి ఎంత శక్తి కావాలో ముందే చెప్పే పద్ధతి తేల్చాడు. ఆయన లెక్క ప్రకారం నీళ్లని చీల్చుకుంటూ పోయే పడవకి పొడవుని బట్టి ఒక స్పీడు గోడ ఉంటుంది, తన అలలోనే తాను ఇరుక్కుపోతుంది. నీటిని తాకే పొడవు 65 సెంటీమీటర్లు ఉన్న బోటుకి ఆ గోడ గంటకి మూడున్నర కిలోమీటర్ల దగ్గరే తగులుతుంది, మనం తీరిగ్గా నడిచే స్పీడు అన్నమాట. అది దాటాలంటే బోటు నీళ్లలోంచి పైకి లేచి ఉపరితలం మీద జారాలి, దాన్నే ప్లేనింగ్ అంటారు. ముక్కు ఎత్తుకుని, వెనకభాగం దిగబడి, బోటు కొండెక్కుతున్నట్టు మూలిగే ఆ కాసేపు ఆంప్స్ బాగా లేస్తాయి. సగం థ్రాటిల్‌లో నెమ్మదిగా తిప్పితే సామాన్లకి మంచిది అనుకుంటాం గానీ, ప్లేనింగ్‌లోకి రాని బోటుని సగం థ్రాటిల్‌లో ఈడ్చడం కన్నా గబుక్కున లేపేసి ఫుల్లుకి దగ్గర్లో పోనివ్వడమే నయం.

ఒకసారి లేచాక మాత్రం హల్, అంటే బోటు ఒళ్లు, ఎంత తక్కువగా నీళ్లని తాకితే అంత మంచిది. ఇక్కడే హల్ రకాలు. లోతైన వీ ఆకారంలో ఉండే మోనో అలల్ని బాగా తట్టుకుంటుంది, బోల్తా పడినా మరీ గొడవ చెయ్యదు, మొదటి బోటుకి నేనైతే కళ్లు మూసుకుని అదే చెప్తా. రెండు హల్‌లు పక్కపక్కన ఉండే కాటమరాన్ మధ్యలో గాలిని బంధించి దాని మీద కొంత తేలుతుంది, మలుపుల్లో రైలు పట్టాల మీద పోయినట్టు పోతుంది. హైడ్రోప్లేన్, రిగ్గర్ అయితే నీళ్లని రెండు మూడు చోట్ల ముద్దు పెట్టుకుంటూ ఎగిరిపోతాయి, కానీ గాలి కిందకి దూరి ముక్కు కొంచెం ఎక్కువ లేచిందంటే పల్టీ కొట్టడమే. 1967 జనవరి 4న స్పీడు రికార్డుల కోసం పరుగుపెట్టే డొనాల్డ్ క్యాంప్‌బెల్ బోటు బ్లూబర్డ్ కే7 కూడా ఇంగ్లాండులోని కోనిస్టన్ వాటర్ అనే సరస్సు మీద గంటకి 500 కిలోమీటర్ల దగ్గర అలాగే ముక్కు లేచి వెనక్కి తిరగబడింది, ఆయన అక్కడే చనిపోయాడు. మన బోటు చిన్నదే గానీ దాని కింద దూరే గాలికి ఆ తేడా తెలీదు. బరువు మధ్యబిందువు వెనక అంచు నుంచి బోటు పొడవులో 30 శాతం దగ్గర ఉండేలా బ్యాటరీని ముందుకీ వెనక్కీ జరుపుకుని చూసుకోవాలి, మోనో అయినా కాటమరాన్ అయినా మొదలెట్టడానికి ఆ చోటు బానే పనికొస్తుంది.

ఇప్పుడు ప్రొపెల్లర్. ఈ స్పీడు బోట్లలో అది పూర్తిగా మునగదు, సగమే మునుగుతుంది, మిగతా సగం గాల్లో తిరుగుతుంది. చూసేవాళ్లకి వృథాలా ఉంటుంది గానీ ప్రొపెల్లర్ని తిప్పే షాఫ్టూ, దాన్ని పట్టుకునే స్ట్రట్టూ నీళ్లలో లేకపోవడం వల్ల తగ్గే డ్రాగ్ (నీళ్ల అడ్డు) చాలా ఎక్కువ. దీనికో పక్క ప్రభావం ఉంది, కింది రెక్కలు మాత్రమే నీళ్లని తోస్తాయి కాబట్టి ప్రొపెల్లర్ చక్రంలా పక్కకి దొర్లుతుంది, బోటు తోక ఒక పక్కకి లాగుతుంది, అందుకే చాలా బోట్లలో చుక్కాని మధ్యలో కాకుండా పక్కకి బిగించి ఉంటుంది.

ప్రొపెల్లర్ మీద రెండు అంకెలు చూడాలి, వ్యాసం, పిచ్. పిచ్ అంటే మెత్తటి చెక్కలో స్క్రూ దిగినట్టు ఒక చుట్టుకి ఎంత ముందుకి పోవాలో ఆ దూరం. ఆక్టూరా ప్రొపెల్లర్ మీద ఎక్స్440 అని ఉంటే, మొదటి 4 అంటే పిచ్ వ్యాసానికి 1.4 రెట్లు, తర్వాతి 40 అంటే మిల్లీమీటర్లు. ఎక్స్640 అయితే వ్యాసం అదే, పిచ్ 1.6 రెట్లు. నా పాత 40ది ఎక్స్440యే, అంటే దాని పిచ్ 56 మిల్లీమీటర్లు. ఇంకో మాట, ఈ ప్రొపెల్లర్లు పెట్టెలోంచి తీసినవి తీసినట్టు పెట్టుకునేవి కాదు, అంచు పదును పెట్టాలి, రెండు రెక్కల బరువు సమం చెయ్యాలి, లేదంటే 25 వేల ఆర్‌పీఎం దగ్గర వైబ్రేషన్ స్ట్రట్ బుష్‌ని నమిలేస్తుంది. కొన్ని బెరీలియం కాపర్‌తో చేస్తారు, దాని పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే నిజంగా ప్రమాదం, తడిపి మాత్రమే రుద్దాలి, మాస్క్ పెట్టుకోవాలి. ఇది మాత్రం నవ్వులాట కాదు.

మోటార్ మీద కేవీ అని ఉంటుంది, కిలోవోల్టులు అనుకునేరు, కాదు. లోడు లేకుండా ఒక్కో వోల్టుకి ఎన్ని ఆర్‌పీఎం తిరుగుతుందో ఆ అంకె. 4ఎస్ లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ) అంటే నాలుగు సెల్స్, ఒక్కోటి 3.7 చొప్పున 14.8 వోల్టులు. 2000 కేవీ మోటార్ పెడితే 29,600. లోడు మీద అందులో 80 శాతం మిగులుతుంది అనుకుందాం, 23,700 దగ్గర, దాన్ని 56 మిల్లీమీటర్లతో గుణించి గంటలోకి మారిస్తే 80 కిలోమీటర్లు, నీళ్లు చెక్క కాదు కాబట్టి జారుడుకి ఇంకో 15 శాతం తీసేస్తే 68 దగ్గర. మొదటి బోటుకి లోడు లేని ఆర్‌పీఎం 30 వేలు దాటకుండా చూసుకుంటే చాలా గొడవలు తప్పుతాయి. పైగా స్పీడు ఊరికే రాదు, డ్రాగ్ స్పీడుకి వర్గంలో పెరిగితే పవర్ ఘనంలో పెరుగుతుంది, 60 నుంచి 80కి వెళ్లడానికి లెక్క ప్రకారం 2.4 రెట్ల పవర్ కావాలి, బోటు నీళ్లమీంచి ఇంకా పైకి లేస్తుంది కాబట్టి అసలులో అంత ఘోరంగా ఉండదు, కానీ చవక మాత్రం కాదు.

ఈఎస్సీ కొనేటప్పుడు కారు ఈఎస్సీ మీద 120 ఉంది కదా అని పెట్టేస్తుంటారు కొందరు. కారు థ్రాటిల్ వదిలితే దొర్లుతుంది, దానికి ఊపిరి తీసుకునే టైమ్ ఉంటుంది, బోటుకి ఆ సుఖం లేదు, నీళ్లు ప్రతి సెకనూ పట్టుకునే ఉంటాయి. అందుకే నీటితో చల్లబరిచే బోటు ఈఎస్సీనే కావాలి, అదీ మనం లాగే ఆంప్స్ కన్నా కనీసం సగం ఎక్కువ రేటింగ్‌తో. చుక్కాని దగ్గర చిన్న రంధ్రంలోంచి నీళ్లు ఎక్కి పైపులో తిరిగి పక్కనుంచి చిమ్ముతాయి, ఆ చిమ్మడం కనపడకపోతే వెంటనే వెనక్కి తెచ్చెయ్యాలి, నాచు ఇరుక్కుని ఉంటుంది. బ్యాటరీ నుంచి ఈఎస్సీకి వచ్చే వైర్లు పొట్టిగా ఉంచాలి, పొడవైతే ప్రతి స్విచింగ్‌కీ వోల్టేజ్ పైకీ కిందకీ ఊగి కెపాసిటర్లని వేడెక్కిస్తుంది. తప్పనిసరి అయితే మోటార్ వైపు వైర్లు పొడిగించుకోండి, ఇటు కాదు. నా బోటులో మూత కింద చక్కగా కనపడాలని ఇటువైపు జానెడు వైరు అదనంగా వదిలాను, పగిలిన ఆ కెపాసిటర్లో దాని పాపం కూడా ఉంది.

బ్యాటరీ మీద 5000 ఎంఏహెచ్ (అంటే 5 ఆంప్-అవర్లు), 50సీ (అంటే దానికి 50 రెట్ల కరెంటు) అని ఉంటే కాగితం మీద 250 ఆంప్స్ ఇవ్వాలి. ఈ సీ అంకెని నేను నమ్మను, చాలావాటిలో అది ఆశావాదం. ఫుల్ థ్రాటిల్‌లో వోల్టేజ్ ఎంత కిందకి కూర్చుంటుందో చూస్తే అసలు సత్తా తెలిసిపోతుంది. సగటున 60 ఆంప్స్ లాగితే, 80 శాతమే వాడాలి కాబట్టి, వచ్చేది సరిగ్గా నాలుగు నిమిషాలు. సెల్ 3 వోల్టుల కిందకి పోతే ఉబ్బుతుంది, ఇంట్లో పెట్టేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి.

రేడియో గురించి ఎక్కువ చెప్పను. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు నీళ్లలోంచి పోవు, యాంటెన్నా నీటిమట్టానికి పైన ఉండాలి, రిసీవర్ని బెలూన్‌లో దూర్చి మూతి కట్టెయ్యడం పాత కిటుకే అయినా ఇప్పటికీ పనిచేస్తుంది. అన్నట్టు రేడియోతో నడిచిన మొదటి బోటు కూడా బ్యాటరీదే, 1898లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో టెస్లా చూపించింది. దాని స్పీడు గురించి ఎవరూ గొప్పలు చెప్పుకోలేదనుకోండి. హల్ ముందుభాగంలో ఫోమ్ ముక్కలు కుక్కడం మర్చిపోవద్దు, బోటు తిరగబడే రోజు వస్తుంది, మునిగితే వెతుక్కోవడానికి ఏమీ ఉండదు.

ఆ 42 ప్రొపెల్లర్ని పారెయ్యలేదు. తర్వాత అదే హల్‌లో 6ఎస్ బ్యాటరీ, 1300 కేవీ మోటార్ పెట్టాను. 22.2 వోల్టులకి 28,860 ఆర్‌పీఎం, అంటే దాదాపు పాత ఆర్‌పీఎమ్మే, కానీ వోల్టేజ్ పెరిగింది కాబట్టి అదే పవర్‌కి కరెంటు తగ్గుతుంది, వైర్లలో వేడి కరెంటు వర్గంతో పోతుంది కాబట్టి ఇంకా బాగా తగ్గుతుంది. లెక్క వేస్తే 80 ఆంప్స్ లోపే వచ్చింది. మొదటిరోజు 40 సెకన్లే నడిపి ఒడ్డుకి తెచ్చి మూత తీశాను. మామూలు రకం నియోడిమియం అయస్కాంతాలు 80 డిగ్రీలు దాటితే బలం పోగొట్టుకోవడం మొదలెడతాయి, అందుకే థర్మామీటర్ కూడా పట్టుకెళ్లాను గానీ ముందు వేలే పెట్టాను. పది లెక్కపెట్టేదాకా ఉంచగలిగాను.