ఆటోపైలట్ యుగంలో పైలట్ చేతి నేర్పు

పైలట్ శిక్షణ సంస్థల ఏర్పాటుకు భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ 2022లో రెండో విడతగా ఎంపిక చేసిన ఐదు విమానాశ్రయాల్లో కడప ఒకటి. ఇటువంటి సంస్థల్లో చేరినవారు మొదట చిన్న విమానంలో ఎత్తును, వేగాన్ని, ఇంజన్ శక్తిని తమ చేతులతోనే అదుపు చేయడం నేర్చుకుంటారు. ఉద్యోగంలో చేరి జెట్ విమానం ఎక్కాక మాత్రం ప్రయాణంలో అత్యధిక భాగాన్ని ఆటోపైలట్‌కు, అంటే విమానాన్ని తనంతట తానే నడిపే యంత్రానికి, అప్పగించవలసి వస్తుంది.

ఆటోపైలట్ కొత్తదేమీ కాదు. 1914లోనే అమెరికన్ ఆవిష్కర్త లారెన్స్ స్పెర్రీ పారిస్ సమీపంలో, గైరోస్కోపు (వేగంగా తిరుగుతూ దిశ మారకుండా నిలిచే చక్రం) సాయంతో నిలకడగా ఎగురుతున్న విమానంలో చేతులు పైకెత్తి చూపాడు. 1933లో అమెరికన్ పైలట్ వైలీ పోస్ట్ ఒంటరిగా భూమిని చుట్టి వచ్చినప్పుడు అతని అలసటను తగ్గించింది కూడా అటువంటి యంత్రమే. అసలు మలుపు 1988లో సర్వీసులోకి వచ్చిన ఎయిర్‌బస్ ఏ320తో మొదలైంది. అందులో పైలట్ తన సీటు పక్కనున్న చిన్న పిడిని (సైడ్‌స్టిక్‌ను) కదిపితే ఆ ఆదేశం కంప్యూటర్ల ద్వారానే రెక్కలకు, తోకకు చేరుతుంది.

ఈ చరిత్రలో రాయలసీమకు అతి సమీపంలో జరిగిన ఘట్టం బెంగళూరుది. 1990 ఫిబ్రవరి 14న బొంబాయి నుంచి వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏ320 రన్‌వేకు ముందే గోల్ఫ్ మైదానంలో కూలి, 146 మందిలో 92 మంది మరణించారు. అది పట్టపగలు; రన్‌వే కళ్లెదుటే ఉంది. ఇంజన్లు కనిష్ఠ శక్తిలోనే ఉండే మోడ్‌లో విమానం దిగుతుండగా, వేగం తగ్గిపోతున్న సంగతి కాక్‌పిట్‌లోని ఇద్దరికీ సకాలంలో తట్టలేదు. గుర్తించి శక్తి పెంచినా, జెట్ ఇంజన్ పుంజుకోవడానికి పట్టే ఆ కొద్ది సెకన్లు కూడా అప్పటికి మిగలలేదు. ఇంజన్ శక్తిని యంత్రమే చూసుకుంటుందన్న భరోసా ఎంత ప్రమాదకరమో మన దేశం అంత తొందరగా, అంత ఖరీదుగా తెలుసుకుంది.

2009 జూన్ 1న అట్లాంటిక్‌పై ఎయిర్ ఫ్రాన్స్ 447లో వేగాన్ని కొలిచే పిటో గొట్టాల్లో మంచు పేరుకుని ఆటోపైలట్ తప్పుకుంది. పైలట్ ముక్కును పైకెత్తుతూ పోయినందున విమానం స్టాల్ అయి (రెక్కలు దాన్ని గాలిలో నిలపలేని స్థితికి చేరి), 228 మందితో సముద్రంలో పడింది. అంత ఎత్తులో చేతితో నడపడంలో శిక్షణ లేకపోవడాన్ని ఫ్రెంచి దర్యాప్తు ఎత్తిచూపింది. అయితే 29,000 నుంచి 41,000 అడుగుల మధ్య విమానాలను వెయ్యి అడుగుల ఎడంతో నడపాలంటే ఎత్తును యంత్రమే కాపాడాలన్నది నిబంధన; కనుక అక్కడ నిత్య సాధనకు అవకాశమే లేదు, ఆ కొరతను సిమ్యులేటర్‌లోనే, అంటే నేలమీద విమానాన్ని అనుకరించే శిక్షణ యంత్రంలోనే, తీర్చుకోవాలి.

2013 జనవరిలో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ, వీలున్నచోట పైలట్లను చేతితో నడపనివ్వాలని విమానయాన కంపెనీలకు సూచించింది. అదే ఏడాది జూలైలో శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగుతున్న దక్షిణ కొరియా విమానం ఏషియానా 214 నిర్మలమైన వాతావరణంలోనే వేగం కోల్పోయి రన్‌వే అంచున ఉన్న గట్టును ఢీకొంది, ముగ్గురు మరణించారు.

యాంత్రీకరణ వల్ల విమానయానం మొత్తంగా సురక్షితమైందన్నది నిజమే, దాన్ని వదులుకోవాలని ఎవరూ కోరడం లేదు. కానీ ఏడాదికి రెండుసార్లు జరిగే సిమ్యులేటర్ పరీక్షలు మాత్రమే చేతి నేర్పును నిలుపుతాయనుకోవడం సరికాదు. ప్రాంతీయ సర్వీసుల్లో తిరిగే చిన్న విమానం ఏటీఆర్ 72లో ఇంజన్ శక్తిని తనంతట తానే సర్దే ఆటోథ్రోటిల్ లేదు కాబట్టి, దాని పైలట్ దిగేటప్పుడు ప్రతిసారీ ఇంజన్ శక్తిని స్వయంగా సరిచూసుకుంటాడు. అతడే రేపు ఏ320కి మారితే ఆ అలవాటు నిలవాలంటే, ఆకాశం తేటగా, రద్దీ తక్కువగా ఉన్న వేళల్లో ఆటోపైలట్‌ను, ఆటోథ్రస్ట్‌ను (ఏ320లోని ఆటోథ్రోటిల్‌ను) ఆపి దిగడానికి కంపెనీ నిబంధనలే అతనికి అనుమతి ఇవ్వాలి.