అమ్మమ్మ పట్టుచీరకు కత్తెర ఒక్కటే దారా? కొన్ని అపోహలు, వాస్తవాలు

నా బొటీక్‌కు వచ్చే పాత చీరల్లో చాలావాటికి ఇంట్లోనే తీర్పు అయిపోయి ఉంటుంది. "అమ్మమ్మది అండీ, లాంగ్ ఫ్రాక్ కుట్టేయండి" అంటారు. ఒక్కసారైనా చీరగా కట్టి చూశారా అని అడిగితే మాత్రం జవాబు ఉండదు.

అపోహ: పాత చీర కడితే వయసు మీద పడినట్టు కనిపిస్తాం.

అది చీర తప్పు కాదు. పాత చీరకు అప్పటి మ్యాచింగ్ జాకెట్టు, కాసులపేరు, పూలజడ అన్నీ కలిపితే ఫ్యాన్సీ డ్రెస్ పోటీకి బయల్దేరినట్టే ఉంటుంది. ఒంటి మీద ఒక్కటే పాతది ఉండాలి, మిగతావన్నీ ఇవాళ్టివి. గద్వాల్ చీరనే తీసుకోండి, సాధారణంగా ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు, కాబట్టి ఆఫీసుకు కూడా బరువనిపించదు. దాని మీదకు నల్లటి కాలర్ జాకెట్టు, చెవులకు చిన్న వెండి దిద్దులు, మెడ బోసిగా వదిలేయండి. నారాయణపేట గళ్లచీర, మంగళగిరి నూలుచీర కూడా ఇలాగే కుదురుతాయి. (అన్నిటికీ తెల్లచొక్కా వేసే ఫ్యాషన్ నాకైతే విసుగొచ్చేసింది.)

అపోహ: పట్టు ఎన్నేళ్లయినా చెక్కుచెదరదు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఏళ్ల తరబడి ఒకే మడతలో బీరువాలో ఉన్న పట్టు ఆ గీత వెంబడే చివికిపోతుంది, పైకి మెరుస్తూనే ఉంటుంది, పెళ్లిలో కూర్చోగానే కుచ్చిళ్ల దగ్గర పర్రుమంటుంది. ముందే చూసుకోండి. చీరను కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే మడతల దగ్గర పోగులు పలచబడ్డాయో లేదో తెలుస్తుంది, తర్వాత రెండు బొటనవేళ్ల మధ్య మెల్లగా లాగండి. పోగులు విడిపోతుంటే దాన్ని చీరగా కట్టొద్దు. ఒకటి రెండు చోట్లే అయితే వెనక పలచటి బట్ట వేసి రఫూ చేయించవచ్చు. ఒళ్లంతా అలాగే ఉంటే కొంగును లైనింగుతో దుపట్టాగా మార్చండి, దాని మీద పెద్దగా లాగుడు పడదు. బాగున్న చీరనైనా రెండు మూడు నెలలకోసారి నీడలో ఆరేసి, మడత మార్చి పెట్టాలి.

అపోహ: రోలింగ్ చేయిస్తే కొత్తదైపోతుంది.

రోలింగులో చీరను బిగించి లాగుతారు. గట్టి చీరకు పర్వాలేదు, చివికినదానికి అదే ఆఖరి రోజు. పైన నూలుగుడ్డ పరిచి తక్కువ వేడి మీద ఇస్త్రీ చేస్తే చాలు. కలరా ఉండలు, సెంటు జరీకి తగలనివ్వకండి, ప్లాస్టిక్ కవర్ తీసేసి పాత నూలుపంచెలో చుట్టి పెట్టండి.

అపోహ: పాత జరీ అంటే వెండే, కరిగించి అమ్మడమే లాభం.

అసలు జరీలో పట్టుదారం చుట్టూ వెండి తీగ, దాని మీద బంగారు పూత ఉంటాయి, ఆ బంగారం చాలా తక్కువ. టెస్టెడ్ జరీ అనే చవక రకంలో వెండి తీగకు బదులు రాగి తీగ ఉంటుంది. ఊడిన పోగు ఒకటి గరుకు రాయి మీద రుద్దితే ఆ రాగిరంగు బయటపడుతుంది. అసలుదే అయినా, కొనేవాడు లెక్కగట్టేది వెండి తూకమే, నేతకు పైసా రాదు.

అపోహ: ఇదంతా ఆడవాళ్ల గొడవ.

తాతయ్య జరీ కండువా మామూలు కుర్తా మీద ఎంత బాగుంటుందో ఒకసారి వేసి చూడండి. డెబ్బైల నాటి టెర్లిన్ (పాలిస్టర్) చొక్కా దొరికితే ఆ పెద్ద కాలర్ కత్తిరించొద్దు. కాకపోతే టెర్లిన్ చెమట పీల్చదు, లోపల నూలు టీషర్ట్ వేసి, గుండీలు విప్పి, చలికాలం సాయంత్రాలకు ఉంచుకోండి.

ఇక కత్తెర. ఒళ్లు పూర్తిగా పోయి అంచు గట్టిగా మిగిలినప్పుడు నేనూ కోస్తాను. ఆ అంచును కొత్త నూలుబట్టకు వేయిస్తుంటే బట్టను ముందే తడిపి ఆరబెట్టమని టైలర్‌కు చెప్పండి, లేకపోతే మొదటి ఉతుకులోనే బట్ట కుంచించుకుపోయి అంచంతా ముడతలు పడుతుంది.