ఇరవై దాటితే ఫోల్డర్ ఎందుకు తెరుచుకోదు? ఆఫీసు ఫైల్ షేరింగ్: అపోహలు - వాస్తవాలు

చిన్న ఆఫీసులకు నెట్‌వర్క్ పనులు చేసే మాలాంటివాళ్లకు జూన్, జూలై నెలల్లో ఒకే రకం ఫోన్లు వస్తాయి. చిత్తూరు వైపు తోతాపురి మామిడి సీజన్ మొదలై పల్ప్ ఫ్యాక్టరీల అకౌంట్స్ సెక్షన్‌లో తాత్కాలికంగా మనుషులు పెరుగుతారు. తిరుపతిలో ఆడిటర్ల ఆఫీసుల్లో జూలై 31 రిటర్నుల గడువు తరుముతుంటే ఆర్టికల్స్ (సీఏ శిక్షణ) చేసే పిల్లలంతా ఎవరి ల్యాప్‌టాప్ వాళ్లు తెచ్చుకుంటారు. ఒక కంప్యూటర్‌లో పెట్టి అందరూ వాడుకునే షేర్డ్ ఫోల్డర్ నిన్నటిదాకా తెరుచుకుని, ఈరోజు ఒకరిద్దరికి మాత్రం, ఈ కంప్యూటర్ ఇక కొత్త కనెక్షన్లు తీసుకోలేదని మెసేజ్ చూపిస్తుంది. అక్కడి నుంచి టెన్షన్, సలహాలు, ఖర్చు.

అపోహ: స్విచ్ (కంప్యూటర్ల వైర్లన్నీ కలిసే డబ్బా) చిన్నది, రూటర్ పాతది. అందుకే ఆగిపోతోంది.

"ఏమప్పా, ఇరవై నాలుగు పోర్టుల స్విచ్ వేపిచ్చినా మళ్లీ అదే మెసేజ్ వస్తా ఉందే" అని గాంధీ రోడ్డు వైపు ఒక ఆడిటర్ గారు నన్ను నిలదీశారు. వేయించింది నేను కాదు, అది వేరే విషయం.

వాస్తవం: ఆ లెక్క ఉండేది వైర్లలోనో డబ్బాల్లోనో కాదు, ఫోల్డర్‌ను పంచుతున్న కంప్యూటర్‌లోని విండోస్‌లో. విండోస్ 10, 11 లైసెన్సు ప్రకారం ఫైళ్ల కోసం, ప్రింట్ల కోసం బయటి నుంచి ఒకేసారి 20 పరికరాల వరకే అనుమతి. విండోస్ 7లోనూ 20 ఉండేది. ఇంకా పాతదైన విండోస్ ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌లో 10, ఎక్స్‌పీ హోమ్‌లో 5. విండోస్ హోమ్ రకం తీసేసి ప్రో రకం వేస్తే పెరుగుతుందని కొందరు డబ్బు కడతారు. ప్రోలో వేరే లాభాలున్నాయి గానీ ఈ అంకె మారదు. ర్యామ్ ఎంత పెంచినా, కేబినెట్ మీద ‘సర్వర్’ అని స్టిక్కర్ అంటించినా, లోపలున్నది మామూలు విండోస్ అయితే ఇరవయ్యే.

అపోహ: మా ఆఫీసులో ఉండేదే పద్నాలుగు మంది. ఇరవై ఎలా దాటుతుంది?

వాస్తవం: విండోస్ లెక్కపెట్టేది మనుషుల్ని కాదు, సెషన్లని, అంటే బయటి పరికరాలు ఈ కంప్యూటర్‌తో తెరిచి ఉంచుకున్న కనెక్షన్లని. కంప్యూటర్ మేనేజ్‌మెంట్ తెరిచి షేర్డ్ ఫోల్డర్స్ కింద సెషన్స్ నొక్కండి. ఎవరి పేరుతో, ఏ కంప్యూటర్ నుంచి, ఎన్ని ఫైళ్లు తెరిచి, ఎంతసేపటి నుంచి ఖాళీగా ఉన్నారో వరుసగా కనిపిస్తుంది. ఆ జాబితా చూస్తే చాలామంది ఆశ్చర్యపోతారు. మూలనున్న జిరాక్స్ మెషీన్ కూడా స్కాన్ చేసిన కాగితాల్ని ఫోల్డర్‌లో వేయడానికి ఒక వరుస పట్టుకుంటుంది. ఎవరో ఫోన్‌లో ఫైల్ మేనేజర్ నుంచి కనెక్ట్ అయి ఉంటారు. ఒకే ల్యాప్‌టాప్‌లో ఒక డ్రైవ్‌ను కంప్యూటర్ పేరుతో, ఇంకో డ్రైవ్‌ను ఐపీ అడ్రస్‌తో (నెట్‌వర్క్‌లో దాని నంబరు) మ్యాప్ చేసి ఉంటే అది రెండుసార్లు కనిపిస్తుంది. అదే పేరుతో, అదే దారిలో మూడు ఫోల్డర్లు తెరిస్తే మాత్రం ఒక్క సెషనే.

ఖాళీగా ఉన్న సెషన్‌ను విండోస్ మామూలుగా 15 నిమిషాలకు తనే తెంపేస్తుంది. అయితే ఫైల్ తెరిచి ఉంటే తెంపదు. ఎక్సెల్ షీట్ తెరిచి భోజనానికి వెళ్లినవాళ్ల సీటు అలాగే ఉండిపోతుంది. మౌస్ కుడి బటన్ నొక్కి క్లోజ్ సెషన్ కొట్టొచ్చు, కానీ అవతలివాళ్లు సేవ్ చేయని పని పోవచ్చు. ముందు కేకేసి అడగండి.

ఇంకొకటి. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ షేరింగ్ దగ్గర ఒకేసారి ఎంతమంది అనే గడి ఉంటుంది. అందులో ఎవరో ఎప్పుడో 5 అని పెట్టి మరిచిపోయి ఉంటే, ఆరో మనిషికే తలుపు మూసుకుంటుంది. నేను మొదట చూసేది ఇదే.

అపోహ: రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగుల పట్టిక) ఒక అంకె మారిస్తే యాభై మందికైనా ఇస్తుంది.

వాస్తవం: తగ్గించుకోవచ్చు గానీ 20 దాటించలేరు. అడ్డదారి దొరికినా అది లైసెన్సుకు విరుద్ధం, రేపు ఒక అప్‌డేట్‌తో పోతుంది. ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 నాటి ‘పది కనెక్షన్ల ప్యాచ్’ కథ ఇంకా తిరుగుతూనే ఉంది. ఆ పది, మన కంప్యూటర్ బయటికి మొదలుపెట్టి ఇంకా పూర్తికాని కనెక్షన్లకు సంబంధించినది. ఫోల్డర్ షేరింగ్‌కు దానితో పనే లేదు.

లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ రెండో సిస్టమ్‌లో తెరుచుకోకపోయినా విండోస్‌నే తిడతారు. ముందు లైసెన్సు చూడండి. సిల్వర్ లైసెన్సు ఒక్కరికే, లాన్‌లో (ఆఫీసు లోపలి నెట్‌వర్క్) పలువురికి కావాలంటే గోల్డ్ ఉండాలి.

అపోహ: ఏం చేసినా కనెక్ట్ కాకపోతే ఎస్ఎంబీ 1 అనే పాత ఫైల్ షేరింగ్ పద్ధతి ఆన్ చేస్తే సరి.

వాస్తవం: దయచేసి చేయకండి. 2017 మేలో వచ్చిన వానాక్రై (ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వైరస్) ఆ పాత పద్ధతిలోని లోపం గుండానే పాకింది. మన చిత్తూరు జిల్లాలో పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయని అప్పట్లో పేపర్లలో వచ్చింది. అదే ఏడాది నుంచి మైక్రోసాఫ్ట్ కొత్త ఇన్‌స్టలేషన్లలో దాన్ని మామూలుగా ఇవ్వడం మానేసింది. దాని కోసమే మొండికేసే పాత స్కానర్ ఉంటే, ఆ స్కానర్‌నే పక్కన పెట్టండి.

నిజంగానే ఇరవై దాటితే? ఏడాదిలో రెండు నెలలే రద్దీ అయితే కొత్త సామాను కొనొద్దంటాను. కొన్ని ఫోల్డర్లను రెండో కంప్యూటర్‌లోకి మార్చండి, దాని ఇరవై దానికి వేరే. ఏడాది పొడవునా ఇదే బాధైతే చిన్న ఆఫీసుకు నా ఓటు రెండు డిస్కుల నాస్‌కే (నెట్‌వర్క్‌కు తగిలించి ఫైళ్లు దాచుకునే పెట్టె). లైనక్స్ మీద సాంబా అనే ఫైల్ షేరింగ్ సాఫ్ట్‌వేర్ వేసినా మామూలుగా ఈ అంకెల పరిమితి ఉండదు, మెషీన్ శక్తి ఎంతుంటే అంత. విండోస్ సర్వర్ కొంటే ఒక్కో మనిషికో పరికరానికో విడిగా కాల్ (క్లయింట్ యాక్సెస్ లైసెన్స్) అనే లైసెన్సులు కూడా కొనాలి. కొటేషన్‌లో ఆ లైను ఉందో లేదో చూసుకోండి. నాస్ తీసుకున్నాక పాస్‌వర్డ్ లేని గెస్ట్ పద్ధతిలో వదిలేయకండి, విండోస్ 11 ప్రో 24హెచ్2 వెర్షన్ నుంచి అలాంటి ఫోల్డర్లను మామూలుగా తెరవనివ్వదు. మొదటి రోజే ఒక్కొక్కరికీ యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టించండి.