జంట డిస్కులు ఉన్నా బ్యాకప్ ఎందుకు?

చిరంజీవులకు,

మీలో కొందరు కంప్యూటర్లో రెండు హార్డ్ డిస్కులు పెట్టి, ఒకదాంట్లో రాసిందే రెండోదాంట్లోనూ పడేలా అమర్చుకుంటున్నారు. దీన్నే మిర్రరింగ్ అనీ, రైడ్-1 అనీ అంటారు. మంచి పనే. ఒక డిస్కు మోటారు పోయినా రెండోదానితో పని సాగిపోతుంది. కానీ అంతమాత్రాన ఫోటోలకు ఇక భయం లేదనుకోవద్దు.

అద్దం ముందు నిలబడి బొట్టు చెరిపేసుకుంటే అద్దంలోనూ చెరుగుతుంది కదా! ఫోల్డర్ పొరపాటున డిలీట్ చేస్తే ఆ క్షణంలోనే రెండు డిస్కుల్లోనూ పోతుంది. 2017 మేలో వచ్చిన వానాక్రై లాంటి వైరస్ ఫైళ్లు తెరుచుకోకుండా తాళం వేస్తే, మీకు మిగిలేవి తాళం పడ్డ రెండు కాపీలే. పైగా రెండూ ఒకే డబ్బాలో, ఒకే పవర్ సప్లై మీద ఉంటాయి. పిడుగు పడినా, దొంగ ఎత్తుకుపోయినా రెండూ కలిసే పోతాయి. జనం తమ రాతలు దాచుకునే జర్నల్‌స్పేస్ అనే సైటు మిర్రరింగ్‌నే బ్యాకప్‌గా నమ్ముకుంది. డేటాబేస్ మీద వేరే డేటా పడి పాతదంతా చెరిగిపోయింది. 2009 జనవరికల్లా సైటు మూతపడింది.

డిస్కు చెడిపోవడంలోనూ ఒక చిక్కుంది. ఒకే రోజు, ఒకే బ్యాచ్‌లో కొన్న డిస్కులు ఒకేలా అరుగుతాయి. ఒకటి పోయాక కొత్తది పెడితే, మిగిలినదాన్ని మొదటినుంచి చివరిదాకా చదివి నింపాలి. 4 టీబీ డిస్కుకు సెకనుకు 150 ఎంబీ వేగంతో అయినా ఏడు గంటలు దాటుతుంది. ఎన్నాళ్లుగానో తెరవని ఫైలు దగ్గర చెడ్డ సెక్టార్, అంటే డిస్కులో చదవడానికి రాని చోటు, బయటపడేది సరిగ్గా అప్పుడే. అందుకే నెలకోసారి రెండు డిస్కులనూ పూర్తిగా చదివించి సరిచూడండి. డిస్కు పోతే మెయిల్ వచ్చేలా పెట్టుకోండి. లేకపోతే ఒంటి డిస్కు మీద నెలల తరబడి నడుస్తున్నా మీకు తెలియదు.

బ్యాకప్ కోసం రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు కొనండి. ఆదివారం ఒకదాంట్లోకి కాపీ చేసి, కేబుల్ పీకేయండి. తగిలించి ఉంచితే వైరస్ దానికీ పాకుతుంది. రెండోది అమ్మమ్మగారింట్లో ఉంచి, నెలకోసారి మార్చుకోండి. పాత కాపీ మీదే కొత్తది రాయొద్దు. పాడైన ఫైలు మంచిదాన్ని మింగేస్తుంది. తేదీ పేరుతో వేరే ఫోల్డర్ పెట్టి, కనీసం నాలుగు వారాలవి ఉంచండి.

ఈ ఆదివారం కాపీ అయ్యాక ఆ డిస్కును వేరే కంప్యూటర్‌కు తగిలించి, ఓ పది ఫైళ్లు తెరిచి చూడండి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న